దువ్వెన ముందు... నీళ్ళు తర్వాత!

మార్చి నెల, ఆదివారం పొద్దున. బయట మంచు కరిగి బురద బురదగా ఉంది. క్యాంపు ఆఫీసులో మేం ముగ్గురు గుమాస్తాలం ఆ వారం టైం షీట్లు కూడుతున్నాం. ఉన్నట్టుండి వెనక షెడ్డులోంచి కుక్క అరుపు వినిపించింది. మొరుగుడు కాదు, ఏడుపు. పరుగెత్తి వెళ్ళి చూస్తే మనవాళ్ళు నలుగురు దొరను పట్టుకుని ఉన్నారు. ఒకరి చేతిలో గిన్నెలు తోమే లిక్విడ్ సీసా, ఇంకొకరి చేతిలో కత్తెర. దొర చెవి వెనక తోలు రెండంగుళాల మేర తెగి రక్తం కారుతోంది.

"ఒట్టి బొచ్చే అనుకున్న సార్. తోలు గూడ అండ్లనే ఉందని తెల్వలే" అంటూ కత్తెర పట్టుకున్న నిజామాబాద్ తమ్ముడు ఏడ్చినంత పని చేశాడు.

అతన్ని తిట్టడానికి మాకు నోరు రాలేదు. ఆ కత్తెర ఆఫీసు బల్ల మీదిది. అడగ్గానే తీసి ఇచ్చింది మేమే.

ఆ రోజు నుంచి మే నెల దాకా ఒక కుక్క బొచ్చు గురించి మేం నేర్చుకున్న సంగతులు ఈ వారం మీతో పంచుకుంటున్నాం. క్యాంపు ఎక్కడున్నా వంటగది వాసనకు ఒక కుక్క వచ్చి చేరుతుంది. మేం చేసిన తప్పు మీరు చెయ్యకూడదనే ఇదంతా.

దొర ఎవరు?

దొర అసలు పేరు డ్యూక్. మన క్యాంపు పక్క పొలం పెద్దాయన కుక్క అది. జర్మన్ షెపర్డ్ పోలిక, తొమ్మిదేళ్ళ వయసు. "డ్యూక్ అంటే దొరే గదా" అని మనవాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. పోయిన నవంబరులో పెద్దాయనకు గుండె ఆపరేషన్ పడింది. ఇక్కడి నుంచి గంట దూరంలో ఉన్న లండన్ (మన ఒంటారియోలోని లండనే) ఆసుపత్రికి వెళ్ళారు. అటునుంచి అటే కూతురి ఇంటికి వెళ్ళి ఎండాకాలం వచ్చేదాకా ఉంటానన్నారు. కూతురు ఉండేది అపార్ట్‌మెంటులో, అక్కడ ఇంత పెద్ద కుక్కకు చోటు లేదు. వెళ్ళే ముందు మన ఆఫీసుకొచ్చి ఆయన అడిగింది ఒక్కటే. "నేను వచ్చేదాకా వీణ్ణి చూసుకుంటారా?"

చూసుకుంటామన్నాం. షెడ్డులో ఎండుగడ్డి పరిచాం, తిండి పెట్టాం, వంతుల వారీగా తిప్పాం. అంతటితో మా పని అయిపోయిందనుకున్నాం. ఆయన ఇచ్చి వెళ్ళిన సంచిలో రెండు రకాల దువ్వెనలున్నాయి. నాలుగు నెలలు వాటిని బయటికి తియ్యలేదు. మార్చికి వచ్చేసరికి దొర చెవుల వెనక, చంకల్లో, తొడల లోపల, తోక కింద బొచ్చు జడలు కట్టింది. దగ్గరికొస్తే వాసన. అందుకే ఆ ఆదివారం "ఇవాళ దొరకు తలంటు" అనుకున్నారు మనవాళ్ళు. మంచి మనసుతోనే.

పశువుల డాక్టరు దగ్గర మత్తిచ్చి కుట్లు వేశారు. 28 మందిమి తలా 15 డాలర్లు వేసుకుని 420 డాలర్ల బిల్లు కట్టాం. అక్కడ డాక్టరమ్మ దగ్గర పనిచేసే అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. దువ్వెన మా చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో మా చెయ్యి పట్టుకుని చూపించింది.

ఇది మన ఊరి కుక్క బొచ్చు కాదు

మన ఊళ్ళో కుక్కను దువ్విన వాళ్ళెవరు? ఎవరూ లేరు. అవసరమూ లేదు. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలో పందికోన అనే ఊరుంది. అక్కడి కాపలా కుక్కలకు చాలా పేరు. మన క్యాంపులో ఆ వైపు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు. "మా పందికోన కుక్కకు దువ్వెనేంది సార్, చేత్తో నిమిరితే సాలు" అంటాడు. నిజమే. మన ఎండకు తగ్గట్టు ఆ కుక్కలకు పొట్టి బొచ్చు ఉంటుంది.

ఇక్కడి చలికి తగ్గ కుక్కలు వేరు. హైదరాబాదులో అందరూ ముచ్చటపడి పెంచే లాబ్రడార్ జాతికి మూలం కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్లాండ్ దీవే. అక్కడి జాలర్ల వెంట చన్నీళ్ళలో ఈదిన కుక్కల సంతతి అది. లాబ్రడార్‌కు, హస్కీకి, షెపర్డ్‌కు బొచ్చు రెండు పొరలు. పైన కాస్త గరుకైన పొడవు వెంట్రుకలు వానను, మంచును, ఎండను ఆపుతాయి. లోపల దూదిలాంటి నూగు ఒంటి వేడిని కాపాడుతుంది. చర్మం నుంచి ఊరే నూనె ఈ రెంటినీ తడవకుండా చూస్తుంది. మన పాలిట స్వెట్టరు, దాని మీద రెయిన్‌కోటు ఎలాంటివో కుక్కకు ఇదీ అంతే.

లోపలి నూగు చలికాలం పోగానే కుప్పలుగా రాలుతుంది. చలికాలం ముందూ కొంత రాలుతుంది. రాలిన నూగు బయటికి రాకపోతే పైబొచ్చులో చిక్కుకుని ముద్ద కడుతుంది. ముద్ద కింద గాలి ఆడదు, తడి ఆరదు. చర్మం పాచి పుండు పడుతుంది. ముద్ద బిగుసుకునే కొద్దీ తోలును తనతో పాటు పైకి లాగుతుంది. మన జుట్టును ఎవరో పిడికిట పట్టుకుని రాత్రింబవళ్ళు వదలకుండా ఉంటే ఎలా ఉంటుందో దొరకు అలా ఉండేది. లోపల తోలు పైకి లేచి ఉంటుంది కాబట్టే కత్తెరకు బొచ్చుతో పాటు అదీ దొరికింది.

"మొత్తం గొరిగించేస్తే పీడ పోతుంది గదా, ఎండాకాలం చల్లగా కూడా ఉంటుంది" అన్నారు కొందరు. రెండు పొరల బొచ్చున్న కుక్కకు అది మేలు కాదు. ఎండ నేరుగా తోలుకు తగులుతుంది. గొరిగిన బొచ్చు మళ్ళీ సరిగ్గా రాక అతుకులు అతుకులుగా మిగలొచ్చు. పనికి అడ్డమొచ్చే ముద్దల వరకు డాక్టరు దగ్గరే మిషన్‌తో తీయించాలి.

ముందు పరిచయం, తర్వాతే దువ్వెన

మనలో చాలామందికి కుక్కంటే భయం. అది తప్పేం కాదు. కుక్కకాటుతో ప్రాణం పోయిన కథ మన ఊళ్ళలో వినని వాళ్ళెవరు? భయపడే వాళ్ళు దువ్వడానికి దిగొద్దు. ఆ పని ఇద్దరు ముగ్గురు పెట్టుకుంటే చాలు.

దువ్వేవాళ్ళు కుక్క మీదికి వంగకుండా పక్కన కూర్చోవాలి. దువ్వెనను ముందు వాసన చూడనివ్వాలి. మొదటి రోజు రెండు నిమిషాలు చేత్తో నిమిరితే చాలు. నలుగురు పట్టి అదిమితే ఆ నిమిషానికి కుక్క లొంగుతుంది గానీ, రేపు దువ్వెన చూడగానే పళ్ళు చూపిస్తుంది. కుట్లు పడ్డాక దొర మూడు వారాలు మమ్మల్ని చెవి దగ్గరికి రానివ్వలేదు.

కుక్క ముందే చెబుతుంది, మనమే వినం. తల పక్కకు తిప్పుకోవడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, కళ్ళ తెల్లగుడ్డు కనపడేలా వారగా చూడడం... ఇవన్నీ "ఇక చాలు" అనే మాటలే. ఒళ్ళు బిగపట్టి కదలకుండా నిలబడితే వెంటనే చెయ్యి తియ్యండి. గుర్రుమంటే కొట్టొద్దు. గుర్రుమంటే తన్నులు పడతాయని నేర్చుకున్న కుక్క ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

అమ్మ జడ విప్పినట్టు

చిక్కు తీసే పద్ధతి మనకు తెలిసిందే. ఇంట్లో అమ్మ చెల్లి జడ విప్పి చిక్కు ఎలా తీసేది? కుదుళ్ళ దగ్గర నుంచి బరబరా లాగేది కాదు. కుదుళ్ళ దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, కొసల నుంచి కొంచెం కొంచెంగా పైకి వచ్చేది. కుక్కకూ అంతే. తోలు దగ్గర బొచ్చును రెండు వేళ్ళతో పట్టుకుంటే లాగుడు తోలుకు తెలియదు.

సన్నటి తీగపళ్ళుండే స్లిక్కర్ బ్రష్ పైపైన రాలిన బొచ్చుకు పనికొస్తుంది. దాన్ని నొక్కితే చర్మం గీసుకుపోతుంది. ముందు మీ ముంజేతి లోపలి వైపు రుద్దుకుని చూడండి, ఎంత బరువు వెయ్యాలో తెలుస్తుంది. ఆ తర్వాత ఎడం పళ్ళ ఇనప దువ్వెనతో కొంత కొంత బొచ్చు పాయ తీస్తూ తోలు దాకా దువ్వాలి. పైపైన దువ్వితే చూడ్డానికి నున్నగా ఉంటుంది, అడుగున ముద్ద అలాగే ఉంటుంది. బొచ్చు ఏ వైపుకు వాలి ఉంటే ఆ వైపుకే దువ్వాలి.

చిన్న ముద్ద తగిలితే కాస్త మొక్కజొన్న గంజిపిండి చల్లి, వేళ్ళతో రెండుగా, నాలుగుగా విడదియ్యండి. తర్వాత కొస నుంచి దువ్వెన. ఐదు నిమిషాల్లో రాకపోతే ఆపేసి రేపు చూడండి. తోలుకు అంటుకుని గట్టిపడిన ముద్దకు మాత్రం ఇంట్లో వైద్యం లేదు. కత్తెర అసలే వద్దు.

ఇక అసలు మాట. మేం చేసిన పెద్ద తప్పు కత్తెర కంటే ముందే జరిగింది. ముద్దల మీద నీళ్ళు పోశారు. తడిసిన ముద్ద ఉన్ని స్వెట్టరు ముడుచుకున్నట్టు ఇంకా బిగుసుకుంటుంది. దువ్వెన ముందు, నీళ్ళు తర్వాత. ఇది తిరగబడితే మిగతా పనంతా తిరగబడుతుంది.

తలంటు ఎలా?

బురదలో పొర్లితే తప్ప నెలకో నెలన్నరకో ఒక స్నానం చాలు. ఎక్కువ కడిగితే చర్మం నూనె పోయి పొట్టు రాలుతుంది, దురద పుడుతుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. మన చర్మం పీహెచ్ 5.5 దగ్గర ఉంటే కుక్కది దాదాపు 7కి దగ్గర. మన షాంపూ దానికి పడదు. గిన్నెల లిక్విడ్ నూనె జిడ్డును వదలగొట్టడానికే చేసింది, బొచ్చులో ఉండాల్సిన నూనెనూ అలాగే వదలగొడుతుంది. కుంకుడు రసం కళ్ళలో పడితే ఎలా మండుతుందో మనకు తెలుసు. కుక్కల షాంపూ సీసా ఒకటి కొంటే పది తలంట్లకు వస్తుంది.

మెడ నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవాలి. ముఖానికి తడిగుడ్డ చాలు, చెవుల్లో నీళ్ళు పోకూడదు. షాంపూ రుద్దిన దానికి రెండింతల సేపు కడగాలి. మిగిలిన నురగే తర్వాత దురద. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి, రుద్దితే మళ్ళీ చిక్కు. లోపలి నూగు పూర్తిగా ఆరేదాకా బయటికి వదలొద్దు. హ్యూరాన్ సరస్సు మీది గాలి సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు.

బొచ్చు మీదిది కడుపులోకి పోతుంది

కుక్క తన ఒంటిని తానే నాక్కుంటుంది. కాబట్టి బొచ్చుకు ఏది పూసినా నోట్లో పెట్టినట్టే లెక్క. ఈ ఒక్క మాట గుర్తుంటే ఏది పుయ్యకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఊళ్ళలో గజ్జి పట్టిన కుక్కకు కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తారు. పిడుదులకు కిరసనాయిలు, గమాక్సిన్ పొడి, ఫినాయిల్ నీళ్ళు. ఇవన్నీ విషాలే. తోలు కాలుతుంది, నాకితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఇక్కడ మన షెడ్లలో ఉండే థిన్నర్, డీగ్రీజర్ కూడా అంతే. బొచ్చుకు తారో గ్రీజో అంటితే కాస్త వంటనూనె రాసి మెత్తబడ్డాక కుక్కల షాంపూతో కడగండి.

మనలో చాలామంది కెమికల్ వ్యాలీలో షట్‌డౌన్ పనులకు పోయేవాళ్ళం. డ్యూటీ దిగగానే దొర ఎదురొచ్చి కాళ్ళకు చుట్టుకునేది. ముద్దుగానే ఉంటుంది. కానీ మన ఓవరాల్ మీది మురికి దాని బొచ్చుకు, అక్కడి నుంచి నాలుకకు. బట్టలు మార్చి, చేతులు కడిగి అప్పుడు నిమరండి.

చలికాలంలో రోడ్డు ఉప్పు ఇంకో శత్రువు. ఇక్కడి నుంచి సరస్సు ఒడ్డునే ఉత్తరానికి వంద కిలోమీటర్లకు పైగా వెళితే గోడ్రిచ్ పట్టణం వస్తుంది. సరస్సు అడుగున 500 మీటర్లకు పైగా లోతులో ఉన్న అక్కడి గని ప్రపంచంలోనే అతి పెద్ద భూగర్భ ఉప్పు గని. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లేది అలాంటి ఉప్పే. కుక్క వేళ్ళ సందుల్లో బొచ్చుకు మంచు గడ్డలు, ఉప్పు పట్టుకుని పగుళ్ళు వస్తాయి, అది నాక్కుంటుంది. తిప్పి రాగానే గోరువెచ్చని నీళ్ళలో నాలుగు పాదాలూ ముంచి తుడవండి. నిమిషం పని.

దువ్వేటప్పుడే పిడుదు దొరుకుతుంది

మంచు కరిగి చలి 4 డిగ్రీలు దాటితే చాలు, గడ్డిలో పిడుదులు (కొందరు గోమార్లంటాం) తిరుగుతాయి. ఈరీ సరస్సు ఒడ్డున రోండో పార్కు వైపు నల్లకాళ్ళ పిడుదులున్నాయని ఎప్పటి నుంచో తెలిసిందే. వాటిలో కొన్ని లైమ్ అనే జబ్బును మోస్తాయి. కుక్క మీద వచ్చిన పిడుదు మన మంచం మీదికీ రాగలదు. అందుకే దువ్వడం కుక్క అందం కోసం మాత్రమే కాదు. చెవుల్లో, మెడపట్టీ కింద, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వేళ్ళతో తడిమి చూడాలి. గట్టి గింజలాంటిది తగిలితే అనుమానించండి.

బీడీతో కాల్చడం, వాజిలిన్ పుయ్యడం వద్దు. సన్నటి పట్టుకారుతో తోలుకు ఆనించి పిడుదు మూతి దగ్గర పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా నేరుగా లాగండి. తర్వాత చేతులు, ఆ చోటు సబ్బుతో కడగండి. సాధారణంగా పిడుదు ఒక రోజు పైగా అంటుకుని ఉంటేనే లైమ్ అంటుతుంది కాబట్టి రోజూ చూసుకోవడమే మందు. మనిషి ఒంటి మీద పిడుదు కుట్టిన చోట ఎర్రటి వలయం లేచినా, ఆ తర్వాత జ్వరం, కీళ్ళనొప్పులు వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళి పిడుదు సంగతి చెప్పండి. జీతం కోతకు భయపడి ఆగొద్దు.

బొచ్చు మెరుపు పళ్ళెంలో ఉంది

వెంట్రుక అంటే మాంసకృత్తులే. తిండి సరిగ్గా లేని కుక్క బొచ్చు పీచులా ఉంటుంది, ఎంత దువ్వినా మెరవదు. మిగిలిన అన్నం, చారు పోస్తే కడుపు నిండుతుంది గానీ బలం చాలదు. పైగా మన కూరలన్నిటిలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క రక్తకణాలను పాడుచేస్తాయి. పాయసంలో కిస్‌మిస్, ద్రాక్షపళ్ళు మూత్రపిండాలకు ముప్పు. చాక్లెట్, జైలిటాల్ కలిపిన చూయింగ్ గమ్ కూడా విషమే. ఉడికించిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి గొంతులో గుచ్చుకుంటాయి. కుక్కల తిండి సంచి కొనండి. పైన ఉడికించిన గుడ్డో, ఉప్పూ కారం లేని చికెన్ ముక్కో వేస్తే సంతోషం.

గుండ్రంగా బొచ్చు ఊడినా, చెవి నుంచి దుర్వాసన వచ్చినా, రాత్రంతా గోక్కుంటున్నా డాక్టరుకు చూపించాలి. తామర, ఒక రకం గజ్జి కుక్క నుంచి మనుషులకు అంటుతాయి. ఒక గదిలో నలుగురం పడుకునే చోట అది ఒక్కరితో ఆగదు.

ఒంటారియోలో మూడు నెలలు దాటిన కుక్కకు రేబిస్ టీకా తప్పనిసరి. కుక్కను బయట కట్టేసి ఉంచితే గొలుసు కనీసం 3 మీటర్లు ఉండాలని నియమం. ఎక్కడైనా కుక్కను హింసిస్తుంటే 1-833-926-4625కు ఫోన్ చేయవచ్చు. ఎవరిదో తెలియని కుక్క వస్తే దాచి పెంచుకోవద్దు, సార్నియా హ్యుమేన్ సొసైటీకి చెప్పండి. దాని కోసం ఎవరో వెతుకుతూ ఉండొచ్చు. ఏ కుక్క కరిచినా పావుగంట సబ్బు నీళ్ళతో గాయం కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

దొరకూ ఒక టైం షీటు

టైం షీట్లు రాయడం తప్ప మాకు వేరే విద్య రాదు. కాబట్టి దొరకూ ఒకటి రాసి షెడ్డు తలుపుకు అంటించాం. సోమ, బుధ, శుక్ర వారాల్లో పది నిమిషాలు దువ్వడం. రోజూ పాదాలు, పిడుదులు చూడడం. ఆదివారం చెవులు, గోళ్ళు చూడడం. చేసినవాళ్ళు సంతకం పెట్టాలి. మొదటి సంతకం కత్తెర పట్టుకున్న నిజామాబాద్ తమ్ముడిదే. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి కూడా ఒక్క రోజు తప్పలేదు. "ఇంటికి ఫోన్ జేసినప్పటి కంటె గిప్పుడే మనసు నిమ్మలమైతది సార్" అన్నాడొకసారి.

మే నెల మూడో వారంలో పెద్దాయన కర్ర సాయంతో కారు దిగారు. దొర పరుగెత్తి వెళ్ళింది. ఆయన వంగలేక కారు సీటు మీదే కూర్చుని దాని తల ఒళ్ళోకి తీసుకున్నారు. చెవి వెనక వేళ్ళు పోనిచ్చి అక్కడ ఆగారు. బొచ్చు ఇంకా పొట్టిగానే ఉంది, గీత తెలుస్తోంది. జరిగిందంతా మేం చెప్పాం, దాచలేదు. తమ్ముడు తల వంచుకుని నిలబడ్డాడు.

పెద్దాయన ఏమీ అనలేదు. చంకలో, తొడ లోపల, తోక కింద వేళ్ళు పెట్టి నిదానంగా చూసుకున్నారు. ఎక్కడా చిక్కు లేదు. షెడ్డు తలుపు మీది కాగితం తెప్పించుకుని సంతకాలన్నీ చదివి, అది మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత తమ్ముణ్ణి పిలిచి దువ్వెన అతని చేతికే ఇచ్చి, "సోమవారం వస్తావుగా?" అన్నారు.

ఇప్పుడూ వెళ్తున్నాడు. సోమ, బుధ, శుక్ర.